మెడ తిప్పి చూసే ఎల్డ్‌మియర్ గుడి

పూర్వం ఆంగ్లదేశపు తూర్పు చిత్తడి నేలల్లో, ఎల్డ్‌మియర్ అనే నదీతీర పట్టణంలో, ఆస్‌బర్ట్ అనే శిల్పాచార్యుడు ఉండేవాడు. తండ్రి కట్టి విడిచిన క్రైస్తవ మహాదేవాలయపు పొడవాటి మంటపానికి తూర్పు కొసన బలిపీఠ మందిరాన్ని చేర్చే భాగ్యం అతనికి దక్కింది. అక్కడి ఆచారం ప్రకారం, ఆ గుడి ఏ పునీతురాలి పేర వెలిసిందో ఆమె పండుగనాడు ఉదయభానుడు పొడిచే దిక్కుకు దారం లాగి, ఆ దారం వెంటే పునాది తీయాలి.

పండుగ ముందర, తల్లికి జబ్బని కబురొస్తే, అతని భార్య హవీస్ పడవెక్కి పుట్టింటికి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ, "పండుగ పొద్దుటికి వచ్చేస్తాను. నేను రాకుండా దారం లాగారో, మీతో మాట్లాడనంతే!" అని నవ్వింది.

పండుగ తెల్లవారింది గాని పడవ రాలేదు. నది మీద మంచు దట్టంగా కమ్మింది. సూర్యుడి కోసమే చూస్తున్నాననుకున్నాడు ఆస్‌బర్ట్. పాపం, మనసెక్కడుంటే చూపూ అక్కడే కదా! ఈశాన్యాన, పడవ రావలసిన ఏటి మలుపు మీద మంచు కాస్త తెల్లబడగానే అదే సూర్యోదయమని నమ్మి, అటే దారం లాగించాడు. పడవ మునిగిందన్న వార్త సాయంత్రానికి వచ్చింది. హవీస్ దేహం మాత్రం దొరకలేదు.

గోడలు ఛాతీ ఎత్తు లేచేసరికి వంకర బయటపడింది. మంటపం తూర్పుకు పోతుంటే మందిరం ఏటివైపు మెడ తిప్పింది. బిషప్ బాల్డ్రిక్ మండిపడుతూ వచ్చాడు.

"కళ్ళెక్కడ పెట్టుకున్నావయ్యా? మొత్తం పడగొట్టించు!"

"పడగొడతాను ప్రభూ. మళ్ళీ నా చేత మాత్రం దారం లాగించకండి. ఎన్నిసార్లు లాగినా నా దారం అటే పోతుంది."

బిషప్ ఆ సగం గోడల మధ్య చాలాసేపు నిలబడి ఏటి మలుపుకేసి చూశాడు. ఆ వృద్ధుడికి ఎవరు గుర్తొచ్చారో ఏమో, "ఉండనీ. అటువైపు కిటికీ పెద్దదిగా పెట్టు" అని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు.

నేటికీ ఆ గుడి పడమటి వాకిట నిలబడితే బలిపీఠం పూర్తిగా కనబడదు, కాస్త కుడికి ఒరగాలి. పండుగనాటి తొలి కిరణం పీఠం మీద పడక ఉత్తరపు స్తంభం మీద పడుతుంది. నీటిదారిన వెళ్ళి తిరిగిరాని వారి తల్లులూ భార్యలూ ఆ ఎండపొడ మీద అరచెయ్యి ఆనించి తమ వారిని పేరు పెట్టి పిలుస్తారు. ఎన్ని చేతులు తగిలాయో, అక్కడ రాయి గుంటపడింది. ప్రతి క్షేత్రానికీ ఒక ఫలశ్రుతి ఉంటుంది గాని, పిలిస్తే వస్తారని ఈ క్షేత్రం ఏనాడూ ఎవరికీ మాట ఇవ్వలేదు. అయినా పండుగనాడు పిలిచేవారి వరుస ఏటి ఒడ్డు దాకా ఉంటుంది.