పొద్దుగూకితే మారే రంగు

చీరాల దగ్గర ఒక నేతపేటలో భావనారాయణ అనే చీరల డిజైనర్ ఉండేవాడు; అతని చేతిలో గొప్ప పనితనం ఉండేది గాని, మనసులో మాత్రం ఎవరి మీదా నమ్మకం ఉండేది కాదు. కంప్యూటర్ మీద చీర అంచులు, బుటాలు గీసేవాడు. ఆ బొమ్మకు సరిపడా పట్టుకు రంగులు అద్దించేవాడు. ఆ పట్టును మగ్గాలకిచ్చి చీరలు నేయించేవాడు. పేటలో అందరూ అతన్ని షావుకారు గారూ అని పిలిచేవారు. పాలు పోసే మనిషి కిటికీ దగ్గర ఒక్క నిమిషం ఎక్కువ నిలబడితే చాలు, నా డిజైన్ చూసి పోతున్నాడేమో అని భావనారాయణ లేచి కిటికీ మూసేసేవాడు.

తన కంప్యూటర్‌ను అతను మార్చినట్టు ఇంకెవరూ మార్చి ఉండరు. డిజైన్లన్నీ ‘పాత కరెంటు బిల్లులు’ అనే ఫోల్డర్‌లో దాచాడు. తెర మీద ఒక్క ఐకాన్ కూడా కనపడకుండా చేశాడు. వెనక నిలబడ్డవాళ్ళకు ఎక్కడ నొక్కుతున్నాడో తెలియకూడదని మౌస్ బాణాన్ని చీమంత చేశాడు. దూరం నుంచి ఏమీ కనపడకూడదని తెరంతా నలుపు పెట్టాడు, డిజైన్ గీసే ప్రోగ్రాంలో కూడా నలుపే పెట్టాడు. ఒక్క నిమిషం చెయ్యి తీస్తే కంప్యూటర్ తనంతట తనే తాళం వేసుకునేది. పాస్‌వర్డ్ భార్య అనసూయకు కూడా చెప్పలేదు.

“ఏమండీ, రైలు టైము చూద్దామని కూర్చున్నాను. ఎక్కడ నొక్కాలో తెలియడం లేదు,” అంది ఆమె ఒకసారి.

“తెలియకూడదనే కదా అలా పెట్టింది,” అన్నాడు భావనారాయణ. ఆమె రైలు టైము పక్కింట్లో అడిగి తెలుసుకుంది.

కొన్నాళ్ళకు అతనికి కళ్ళు మండసాగాయి. మనుషుల్ని అనుమానించడం అయిపోయింది, ఇక తెర మీద అనుమానం వచ్చింది. తెర వెలుతురులో నీలం ఎక్కువైతే కళ్ళకు మంచిది కాదని మందుల షాపు దగ్గర ఎవరో అన్నారు. ఇంటికొచ్చి సెట్టింగ్స్ అంతా వెతికితే నైట్ లైట్ అనే మీట కనిపించింది. దాన్ని నొక్కితే పొద్దు గూకగానే తెరలో నీలం తగ్గి పసుపు పెరుగుతుంది. తెల్లారగానే మళ్ళీ మామూలుగా అయిపోతుంది. భావనారాయణ మీట నొక్కి, పసుపును దాదాపు చివరిదాకా జరిపాడు. మొదటి సాయంత్రం తెర మీద ఎవరో పసుపు నీళ్ళు చల్లినట్టు అనిపించింది. వారం తిరక్కుండానే కళ్ళకు అది అలవాటైపోయింది. పోల్చి చూసుకోవడానికి ఆ తెర మీద తెల్లటిది ఏదీ లేదాయె. తర్వాత ఆ సంగతే మరిచిపోయాడు.

అప్పుడే ఒంగోలు నుంచి హైమవతి గారనే నాట్యం టీచర్ పెద్ద పని తెచ్చింది. ఆమె శిష్యురాళ్ళు విశాఖపట్నంలో నాట్యం చేయబోతున్నారు. అందరికీ ఒకేలాంటి చీరలు కావాలి, నెమలికంఠం రంగు, హంసల అంచు. భావనారాయణ డిజైన్ గీసి బొమ్మను ఆమె ఫోనుకు పంపాడు.

“అచ్చం ఇదే రంగు కావాలి. కొంచెం అటూ ఇటూ అయినా తీసుకోను,” అంది ఆమె.

రంగు అద్దే పని మస్తానయ్యది. భావనారాయణ తండ్రి బతికి ఉన్నప్పటి నుంచీ ఆ ఇంటికి అతనే రంగులు అద్దేవాడు. మోచేతుల దాకా ఏదో ఒక రంగు అంటుకునే ఉండేది. అతను ఒక పొద్దున పట్టు దారపు చుట్ట, అదే చిలప, ఒకటి అద్ది తెచ్చాడు. భావనారాయణ దాన్ని తెర పక్కన పెట్టి చూశాడు. ఏ తేడా లేదు.

“సరిపోయింది. మిగతా చిలపలు కూడా అద్దు,” అన్నాడు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మస్తానయ్య మిగతా చిలపలు తెచ్చాడు. భావనారాయణ మళ్ళీ తెర పక్కన పెట్టాడు. చిలప నీలంగా మెరుస్తోంది. తెర మీద చీర మాత్రం పచ్చగా, మసకగా ఉంది.

“ఇదేం రంగయ్యా? పొద్దున చూపించింది ఇది కాదే?”

మస్తానయ్య వంగి చూశాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. “అదే కాగులో అద్దినవే షావుకారు గారూ. కానీ మీరన్నది నిజమే, తేడా కొడతావుంది. నా చేతిలోనే ఏదో తప్పు జరిగుంటది,” అన్నాడు. తల దించుకుని చిలపలన్నీ తిరిగి తీసుకెళ్ళాడు. ఆ రాత్రి అతను అన్నం కూడా సరిగ్గా తినలేదు.

మర్నాడు పొద్దున అవే చిలపలు మళ్ళీ తెచ్చాడు. “ఏం చెయ్యాలో పాలుపోక ఇవే తెచ్చాను. ఇంకోసారి చూడండి,” అన్నాడు. ఈసారి తెరా చిలపా ఒక్కటిగా కలిసిపోయాయి.

మంచి మనసున్న మనిషి అయితే అప్పుడు సంతోషించేవాడు. భావనారాయణకు మాత్రం ఒళ్ళు మండింది. ‘రాత్రికి రాత్రి మార్చేశాడన్నమాట. పొద్దున మంచి చిలపలు చూపించడం, సాయంత్రం చవక రంగువి అంటగట్టడం. ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నాడో ఈ పని,’ అనుకున్నాడు. పైకి మాత్రం నవ్వి, మస్తానయ్య మంచినీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళినప్పుడు ఒక చిలప మధ్యలో ఎర్ర దారం ముడి వేశాడు. “సాయంత్రం తీసుకురా, తూకం వేసి పుచ్చుకుంటాను,” అని అన్నీ తిరిగి పంపాడు.

సాయంత్రం చిలపలు వచ్చాయి. రంగు మళ్ళీ తప్పింది. భావనారాయణ వేళ్ళతో వెతికాడు. ఎర్ర ముడి ఎక్కడ వేశాడో అక్కడే ఉంది. చిలప మారలేదని ఆ ముడి చెబుతూనే ఉంది. కానీ అనుమానం పట్టినవాడికి సాక్ష్యం కూడా దొంగలాగే కనిపిస్తుంది కదా. ‘ముడి కనిపెట్టి, దాన్ని విప్పి వేరే చిలపకు కట్టాడు. గడుసువాడే,’ అనుకున్నాడు.

వెంటనే అరుగు మీదికి వచ్చాడు. కూలి డబ్బుల కోసం వచ్చిన నేతగాళ్ళు అక్కడ కూర్చుని ఉన్నారు. వాళ్ళందరి ముందూ అన్నాడు: “మస్తానయ్యా, నువ్వు దొంగవి. ఒక రంగు చూపించి ఇంకో రంగు ఇస్తున్నావు. మా నాన్నను కూడా ఇలాగే మోసం చేసి ఉంటావు.”

“మీ నాయన నన్ను ఏనాడూ ఇంత మాట అనలేదు షావుకారు గారూ,” అని మాత్రం అన్నాడు మస్తానయ్య. చిలపలు అరుగు మీద పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

నేతపేటలో రంగులు అద్దేవాడికి పేరు పోతే పని పోయినట్టే. ఆ మాట వీధి వీధికీ పాకింది. భావనారాయణ అన్నాడంటే ఏదో ఉండే ఉంటుందని మిగతావాళ్ళు కూడా మస్తానయ్యకు పట్టు ఇవ్వడం మానేశారు. అతని ఇంటి ముందు రంగు కాగులు బోర్లించి ఉండిపోయాయి.

భావనారాయణ పక్క ఊరి నుంచి కొత్త మనిషిని పిలిపించాడు. ఆ మనిషి సాయంత్రం బస్సుకే వచ్చేవాడు, ఎదురు మాట్లాడేవాడు కాడు. తెర మీద ఏది కనిపిస్తే అదే అద్ది తెచ్చాడు. “ఇదీ రంగంటే,” అని మెచ్చుకున్నాడు భావనారాయణ. పొద్దుటి వెలుతురులోనే తను మోసపోతున్నానని నమ్మి, అప్పటినుంచి రంగులు సాయంత్రమే సరిచూడాలని నియమం కూడా పెట్టుకున్నాడు. చీరలు మగ్గం మీద ఉండగా ఒక నేతగాడు నసుగుతూ, “ఇది నెమలికంఠమేనా షావుకారు గారూ?” అని అడిగాడు. ‘వీడు మస్తానయ్య మనిషి,’ అనుకున్నాడు భావనారాయణ. చీరలు మూటగట్టి ఒంగోలు పంపాడు.

రెండో రోజు మధ్యాహ్నం హైమవతి గారు ఆ మూటతోనే వచ్చి దిగింది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఒక చీర తీసి బల్ల మీద పరిచింది.

“నేను అడిగింది నెమలికంఠం. మీరు పంపింది చెరువులో నాచు. వచ్చే నెలలో మా పిల్లలు వీటిని కట్టుకుని వేదిక ఎక్కాలా?”

భావనారాయణ గబగబా కంప్యూటర్ తెరిచాడు. తెర మీద చీర చక్కటి నెమలికంఠం రంగులో ఉంది. బల్ల మీది చీర నాచు రంగులో ఉంది.

“ఎవరో నా డిజైన్‌లో రంగు మార్చారండి. మొన్నటిదాకా తెర మీద కూడా ఈ నాచు రంగే ఉంది. ఇది మస్తానయ్య పనే. పని మాన్పించానని కక్ష.”

“అతనికి మీ పాస్‌వర్డ్ తెలుసా?” అంది ఆమె.

“మా ఆవిడకే తెలియదు,” అన్నాడు భావనారాయణ, ఆ కంగారులో కూడా కొంచెం గర్వంగా. “ఒక్క నిమిషం వదిలేస్తే తాళం పడిపోతుంది. డిజైన్లు ఎక్కడున్నాయో దేవుడు కూడా కనిపెట్టలేడు. నేను తప్ప ఎవ్వరూ దీన్ని ముట్టుకోలేరండి.”

“మరి మస్తానయ్య ఎలా ముట్టుకున్నాడు?”

అయినా భావనారాయణ ఒప్పుకోలేదు. ఎవరు ఎప్పుడు చొరబడ్డారో పట్టుకుంటానని ఒక్కో ఫోల్డరూ తెరుస్తూ కూర్చున్నాడు. ఆమె కూడా సంగతి తేలేదాకా కదలనని కుర్చీ లాక్కుంది. బయట ఎండ తగ్గింది. అనసూయ టీ తెచ్చి, ఇద్దరి ముఖాలూ చూసి, దీపం వేసి గుమ్మం దగ్గరే నిలబడింది.

అప్పుడు తెర మారడం మొదలైంది. మెల్లగా, ఎవరో లోపలి నుంచి పసుపు కలుపుతున్నట్టు, నీలం తగ్గుతూ వచ్చింది. నెమలికంఠం పచ్చబడింది, పచ్చ మసకబారింది. కాసేపటికి తెర మీది చీరా బల్ల మీది చీరా అచ్చంగా ఒకే రంగులో ఉన్నాయి.

“చూశారా, చూశారా, ఇప్పుడు కూడా ఎవరో…” అని భావనారాయణ ఆగిపోయాడు. హైమవతి గారి చేతిలో టీ గ్లాసు ఉంది. అనసూయ గుమ్మం దగ్గర ఉంది. తన రెండు చేతులూ తన ఒళ్ళోనే ఉన్నాయి.

“ఆ మధ్య కళ్ళ మంటలకని సాయంత్రాలకు ఏదో పెట్టానన్నారు కదండీ,” అంది అనసూయ నెమ్మదిగా.

అతను సెట్టింగ్స్ తెరిచాడు. నైట్ లైట్, పొద్దు గూకినప్పటి నుంచి తెల్లవారే వరకు అని రాసి ఉంది. పసుపు తను జరిపిన చోటే ఉంది. పాస్‌వర్డ్ తనదే, తాళం తనదే. అందరికీ తలుపులు మూసి కూర్చున్న ఆ గదిలో అనుమానించడానికి ఇక తను ఒక్కడే మిగిలాడు. భావనారాయణకు ఏడుపొచ్చింది. ఎర్ర ముడి గుర్తొచ్చింది. తప్పు తన చేతిదేమో అని తల దించుకున్న మస్తానయ్య గుర్తొచ్చాడు.

హైమవతి గారు చీర మడతపెట్టింది. “నేను పోగొట్టుకున్నది కొన్ని రోజులు. అతను పోగొట్టుకున్నది ఏమిటో వెళ్ళి చూడండి,” అంది.

మర్నాడు పొద్దున్నే భావనారాయణ వెళ్ళాడు. మస్తానయ్య ఇంట్లో లేడు. వేటపాలెం వైపు జీడిపప్పు బట్టీలో గింజలు కొట్టే కూలికి పోతున్నాడని చెప్పారు. అక్కడికే వెళ్ళాడు. మస్తానయ్య చేతుల మీద రంగు పూర్తిగా వెలిసిపోయి, జీడి నల్లగా అంటుకుని ఉంది. ఆ చేతులు చూస్తూ భావనారాయణ అతని ఎదుట కూర్చున్నాడు.

“తప్పు నాది మస్తానయ్యా. తెరకు నేనే పసుపు పెట్టి మరిచిపోయాను. నువ్వు తెచ్చిన రంగే సరైనది. రెండు పూటలా అదే రంగు,” అన్నాడు.

మస్తానయ్య గింజలు పక్కన పెట్టాడు. “అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట. చూపు పోయిందేమోనని మా ఆడది నన్ను ఆసుపత్రికి కూడా తీసకపోయింది,” అన్నాడు. మళ్ళీ అన్నాడు: “నలుగురిలో అన్నారు షావుకారు గారూ. ఆ నలుగురిలోనే చెప్పండి.”

భావనారాయణ చెప్పాడు. అదే అరుగు మీద, అదే నేతగాళ్ళ ముందు, తన కంప్యూటర్ సంగతంతా దాచకుండా చెప్పాడు. వాళ్ళలో కొందరు నవ్వారు. అతను తల ఎత్తలేదు. వారంలోపే మస్తానయ్య ఇంటి ముందు కాగులు మళ్ళీ పొయ్యి ఎక్కాయి. హైమవతి గారి చీరలకు అతనే రంగు అద్దాడు, ఆ పిల్లలు నెమలికంఠం చీరలు కట్టుకునే నాట్యం చేశారు.

కానీ మస్తానయ్య ఆ అరుగు మళ్ళీ ఎక్కలేదు. “అద్ది ఎండలో ఆరేసి ఉంచుతాను, మీరే వచ్చి చూసుకోండి,” అని కబురు పెట్టాడు. భావనారాయణ కంప్యూటర్‌లో నైట్ లైట్ తీసేశాడు, అనసూయకు పాస్‌వర్డ్ చెప్పాడు, తెరకు తెలుపు పెట్టాడు. సెట్టింగ్స్‌లో మార్చినవన్నీ ఒక పూటలో వెనక్కి మార్చగలిగాడు. తను అన్న మాటను మాత్రం వెనక్కి తెచ్చుకోలేకపోయాడు. బతికినన్నాళ్ళూ చిలపల కోసం అతనే మస్తానయ్య వాకిటికి నడిచి వెళ్ళేవాడు.

ఎదుటివాడి మీద అనుమానం కలిగినప్పుడు ముందుగా మన చూపులో ఏ రంగు కలిసి ఉందో చూసుకోవాలి. ఎందుకంటే తప్పు దిద్దుకున్నా, అకారణంగా వేసిన నింద చేసిన గాయం పూర్తిగా మానదు.