గోమారి మూటలో చెదపురుగు

మన ఒంట్లో కంటికి కనిపించని కణాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని ఒక అడవి అనుకోండి. పేరు కణవనం. ఆ అడవిలో చీమలు, చెదపురుగులు, ఇంకా ఎన్నో బుల్లి జీవులు ఉండేవి.

అక్కడ ఎవరు ఎలా పుట్టాలో, ఎలా బతకాలో దారాల మీద రాసి ఉండేది. ప్రతి దారం చివర జడలా అల్లిన జడముడి ఉండేది. ఆ దారాలను ఆకుల్లో చుట్టి మూటలు కట్టడం చీమల పని. అవి కట్టిన మూట వానకు తడవదు, గాలికి విడిపోదు. చీమల పెద్ద గండుచీమకు ఆ పనితనమంటే మహా గర్వం.

"జడముడి ఉన్న దారం కనబడితే చాలు, కట్టేస్తాం. ఎవరిదని అడగడం మా ఇంటా వంటా లేదు!" అనేది.

ఒకరోజు, పశువుల ఒంటిని పట్టి రక్తం పీల్చే గోమారి ఒకటి అడవిలోకి చొరబడింది. దానికి మూట కట్టడం చేతకాదు. దాని దగ్గర ఉన్నదల్లా ఒక్క దారం, దానికో జడముడి. దారం మీద "గోమారులను పుట్టించండి" అని మాత్రమే రాసి ఉంది.

చీమలు ముడి చూసి మురిసిపోయాయి. చకచకా ఆకు చుట్టసాగాయి.

గోమారి తన ఎనిమిది కాళ్లలో ఏ కాలు మీద ఏ కాలు వేసుకోవాలో తేల్చుకుని దర్జాగా కూర్చుంది. "చూశారా నా గొప్ప! నా మూట మీరే కడుతున్నారు. దీన్ని పక్క అడవిలో విప్పితే అక్కడంతా నా సంతానమే. అక్కడివాళ్లంతా నా పనివాళ్లే!" అంది.

గండుచీమ చేతిలోని ఆకు వదిలేయబోయింది. పక్క అడవిలో దాని చెల్లెళ్లు ఉన్నారు. కానీ ముడి చూసి మొదలుపెట్టిన మూటను మధ్యలో వదిలేయడం చీమల వల్ల కాదు. అది పుట్టుకతో వచ్చిన అలవాటు.

అప్పుడు చెదపురుగు మెల్లగా దగ్గరికొచ్చింది. "అక్కా, నన్ను కూడా లోపల పెట్టి చుట్టెయ్యి," అంది.

గండుచీమకు విషయం అర్థమైంది.

"ఎవరది?" అని గద్దించింది గోమారి.

"మూటకు కాపలా, అయ్యగారూ," అంది గండుచీమ.

"నా అంతటివాడికి ఆ మాత్రం ఉండాల్సిందే. పెట్టండి!" అని గోమారి లేని మీసం మెలేసింది.

మూట మోసుకుని గోమారి పక్క అడవికి చేరింది. అక్కడివాళ్లందరినీ పిలిచి మరీ విప్పింది. దారం పొట్టుపొట్టుగా రాలింది. ఒక్క మాట కూడా మిగల్లేదు. మధ్యలో చెదపురుగు పొట్ట నిమురుకుంటూ కూర్చుంది.

"ఇదేనా నీ కాపలా?" అని గోమారి లబోదిబోమంది.

"బాగానే కాశానయ్యా, ఈ అడవిని," అంది చెదపురుగు.

గోమారికి ఇంకో దారం లేదు. అది అక్కడే ఎండిపోయింది. గండుచీమ చెల్లెళ్లు చెదపురుగును భుజాల మీద ఎత్తుకుని ఇంటికి సాగనంపారు. ఆ రోజు నుంచి కణవనంలో మూటలు కట్టే చోట దానికీ ఒక పీట వేశారు.

తిరిగొచ్చిన చెదపురుగును గండుచీమ అడిగిన మొదటి మాట ఇది: "మూట మాత్రం తడవలేదు కదా?"

"ఒక్క చుక్క కూడా పడలేదక్కా!"

గండుచీమ తల ఎత్తుకుని నవ్వింది.

నీతి: ఇతరుల పనితనాన్ని తన గొప్పగా చెప్పుకునేవాడు, తన మూటలో ఏముందో కూడా తెలుసుకోలేడు.