గుమ్మానికి వేలాడిన చిలుక

అనగనగా కుందనగిరి అని ఒక రాజ్యం. ఆ రాజ్యానికి ధీరవర్మ అని ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కూతుళ్ళు. పెద్దది హేమరేఖ, నడిమిది చంద్రరేఖ, చిన్నది మణిరేఖ.

ఆ కోటకు రెండు ద్వారాలు. మగవాళ్ళు నడిచే ద్వారంలో అంబారీతో సహా ఏనుగు పట్టేది. ఆడవాళ్ళు నడిచే ద్వారం ఎదిగిన మనిషి ఛాతీ దాకా వచ్చేది, అంతే. దాని పేరు వినయద్వారం. రాజుగారి ముత్తాత కట్టించాడు. ఆడది వంగి నడిస్తేనే ఇంటికి అందమట. మరి ఎవరూ ఎందుకని అడగలేదా అంటారు మీరు. అడగాలంటే ముందు తల ఎత్తాలి కదా, పిల్లలూ.

పదేళ్ళు వచ్చేదాకా మణిరేఖ అందులోంచి నిటారుగా పరుగెత్తేది. తర్వాత ఆమె ఎదిగింది, ద్వారం ఎదగలేదు. ఒకరోజు నుదురు ఠక్కున కొట్టుకుని బొప్పి కట్టింది. మర్నాడు మళ్ళీ కట్టింది. మూడోరోజు మేనత్త నవ్వి, "ఏమే బొప్పిరేఖా, ఇటురా" అని పిలిచింది. ఆ పేరే ఉండిపోయింది.

తల్లి శీలవతి పసుపు రాస్తూ, "ద్వారం తప్పు కాదమ్మా, నువ్వే పొడుగైపోతున్నావు" అంది.

అప్పటినుంచి మణిరేఖ అక్కలకంటే ఎక్కువ వంగేది. గుమ్మం లేనిచోట కూడా వంగేది.

ఒకనాడు కరాళకేతు అనే మాంత్రికుడు డేగ రూపంలో వచ్చి శీలవతిని ఎత్తుకుపోయాడు. వాడి మేడ ఏడు సముద్రాల అవతల. రాజు సైన్యాన్ని పంపాడు. సైన్యం మూడో సముద్రంలో మునిగిపోయింది.

"నేను వెళతాను నాన్నగారూ" అంది హేమరేఖ.

"ఆడపిల్లవి, నువ్వేం చేస్తావు తల్లీ?" అన్నాడు రాజు. అయినా పంపాడు. మగవాళ్ళు మిగల్లేదు మరి.

హేమరేఖ తిరిగి రాలేదు. చంద్రరేఖ వెళ్ళింది. ఆమె కూడా రాలేదు. అప్పుడు మణిరేఖ లేచింది.

"బొప్పిరేఖ కూడానా" అంది మేనత్త.

ఒడ్డున ఒక ముసలి తాబేలు ఉంది. అది మణిరేఖను వీపున ఎక్కించుకుని, ఏడు సముద్రాలూ ఈదుతూ చెప్పింది: "వాడి ప్రాణం ఒక చిలుకలో ఉంది. ఆ చిలుక ఆ మేడలోనే ఉంది. మీ అక్కలకూ ఇదే చెప్పాను."

"మరి వాళ్ళకెందుకు దొరకలేదు?"

"నేను నీళ్ళలో ఉండేదాన్ని, నాకెలా తెలుస్తుంది? కాస్త కదలకుండా కూర్చో, చక్కిలిగింతలు పెడుతున్నావు."

మేడ ముందు ఇద్దరు అక్కలూ రాళ్ళయి నిలబడి ఉన్నారు. ఇద్దరి తలలూ వంగే ఉన్నాయి. కరాళకేతు గుమ్మంలో కూర్చుని జామకాయ కొరుకుతున్నాడు.

"రావమ్మా మూడోదానా. మూడుసార్లు వెతుక్కో. చిలుక దొరికితే మీ అమ్మనూ అక్కలనూ తీసుకుపో. దొరక్కపోతే నువ్వూ రాయివే."

మణిరేఖ వంగి గుమ్మం దాటింది. నేలమాళిగ వెతికింది. మంచాల కింద వెతికింది. వంగి బయటికొచ్చింది. రెండోసారి వంగి వెళ్ళి బావిలో, గాదెల అడుగున, పొయ్యి బూడిదలో వెతికింది. వంటింట్లో తల్లి కనబడి గొల్లుమంది. "ఆరు నెలలుగా ఇక్కడే ఉన్నానమ్మా, ఈ గుమ్మం దాటుతూనే ఉన్నాను. ఒక్క ఈక కూడా కనబడలేదు."

మణిరేఖ వంగి బయటికొచ్చి గడప మీద కూలబడింది. తనవల్ల ఏమవుతుంది? అందరూ అననే అన్నారు.

"అమ్మాయీ, నాలుగుసార్లు గుమ్మం దాటావు" అందొక గొంతు. గోడ మీద బల్లి. "నాలుగుసార్లూ నీ వీపే చూశాను. ఇంతకూ నీకు ముఖం ఉందా?"

"ఈ మాట మా అక్కలకెందుకు చెప్పలేదు?"

"పలికాను. బల్లి పలికితే కీడని చెవులు మూసుకున్నారు."

మణిరేఖకు కీడుకు భయపడే ఓపిక కూడా లేదు. "ఏం చెయ్యమంటావు?"

"నిలబడు."

"తల తగులుతుంది."

"నీ నెత్తిన ఇంకో మనిషి నిలబడినా తగలదు. చూడు."

మణిరేఖ లేచింది. చెయ్యి దానంతటదే నుదుటికి పోయింది. మెడ నొప్పి పుట్టింది. కళ్ళు మూసుకునే తల ఎత్తింది. దెబ్బ తగల్లేదు. కళ్ళు తెరిచింది. గుమ్మం పైదూలానికి పంజరం. పంజరంలో ఆకుపచ్చ చిలుక, అరవకుండా ముక్కుకు దారం కట్టేసి ఉంది.

కరాళకేతు చేతిలో జామకాయ జారిపోయింది.

"దాచనైనా దాచలేదు నువ్వు" అంది మణిరేఖ.

"మగవాళ్ళు వస్తారని ఏడు సముద్రాలు పెట్టుకున్నాను. మీ ఊరి ఆడవాళ్ళకు అవేం అక్కర్లేదు. మీ అమ్మ మొదటిరోజు ఇంత పెద్ద గుమ్మంలోంచి వంగి వచ్చింది. అప్పుడే పంజరం తెచ్చి అక్కడ తగిలించాను. నా ప్రాణానికి కాపలా మీ నాన్న ముత్తాతే."

మాట ఇచ్చినవాడు కనుక వాడు ఆపలేకపోయాడు. మణిరేఖ పీట వేసుకుని ఎక్కి చిలుక మెడ తిప్పింది. పాపం, చిలుక ఏ తప్పూ ఎరగదు. అదీ చెప్పాలి మీకు. మాంత్రికుడు బూడిదయ్యాడు. అక్కలు మనుషులయ్యారు. నలుగురినీ తాబేలు ఒడ్డుకు చేర్చింది.

రాజు మణిరేఖను కౌగిలించుకున్నాడు. "నువ్వు నాకు కూతురివి కాదమ్మా, కొడుకువి."

"కూతురినే నాన్నగారూ" అంది ఆమె. మేళాల హోరులో ఆయనకు వినబడలేదు.

పొరుగు రాజకుమారుడు జయకేతనుడితో ఆమెకు వైభవంగా పెళ్ళి జరిగింది. తండ్రి తర్వాత ఆమే రాణి అయింది. మొదటిరోజే వినయద్వారం పగలగొట్టించి, రెండు నిలువుల ఎత్తున కొత్తది కట్టించింది. ముందుగా తల్లిని పిలిచింది.

శీలవతి వచ్చింది. వంగి దాటింది. "చాలా బాగుందమ్మా" అంది నేలను చూస్తూ. అక్కలు వంగి దాటారు. పాత ద్వారాన్ని చూడనైనా చూడని పసిపిల్లలు తల్లుల వెనకాల వంగి దాటారు.

"ఎందుకు వంగావురా తల్లీ?" అని రాణి ఒక పిల్లనడిగింది.

"అమ్మ వంగింది."

మర్నాటినుంచి రాణి రోజూ ఆ పైదూలానికి, చేతికందే పొడవు దారాలతో, జామపళ్ళు కట్టించింది, చూసిన పిల్ల కోసుకోవచ్చని. నలభై ఏళ్ళు చల్లగా రాజ్యమేలింది. నలభై ఏళ్ళూ పళ్ళు కట్టించింది. ఎప్పుడో ఒక పిల్ల తల ఎత్తి కోసుకునేది. మిగతావన్నీ మగ్గి, వంగిన వీపుల మీద రాలేవి.

కథ కుందనగిరిలోనే ఉండిపోయింది. మనం భోజనాలకు లేద్దాం. గుమ్మం దాటేటప్పుడు కాస్త పైకి చూసి నడవండి, అమ్మళ్ళూ.