ఎవరూ చదవని రాళ్ళు

ఇటు జరుగు అమ్మలూ. దుప్పటంతా నీకేనా, అమ్మమ్మకి అక్కర్లేదా? ఆ, అలాగ. కాళ్ళు లోపల పెట్టుకో. ఊఁ కొట్టాలి మరి. నువ్వు ఊఁ కొట్టడం మానేస్తే కథ అక్కడే ఆగిపోతుంది, తర్వాత నన్నేమీ అనకూడదు.

అనగనగనగా, కొండకి ఇవతల, గెడ్డకి అవతల ఒక ఊరు. గెడ్డంటే వాగేలే. వానలు తగ్గాక ఆ గెడ్డలో నున్నటి రాళ్ళు బయటపడేవి. కొన్ని గుడ్డంత ఉండేవి, కొన్ని రొట్టెంత ఉండేవి.

ఆ ఊళ్ళో పైడమ్మ అని ఒక పిల్ల ఉండేది. నీకన్నా రెండేళ్ళు పెద్ద. పలక మీద అక్షరాలు ముత్యాల్లా పెట్టేది. కానీ నోరు తెరిస్తే మాట ముందుకి కదిలేది కాదు. నత్తి. "అమ్మా" అని పిలవాలంటే "అ... అ..." దగ్గరే చాలాసేపు నిలబడిపోయేది.

ఊరివాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఎవరూ వెక్కిరించేవారు కాదు. ఓపిక లేదంతే. పైడమ్మ "నీ... నీ..." అనగానే "నీళ్ళా? ఇదిగో తాగు" అని చెంబు చేతిలో పెట్టేసేవారు. దానికి దాహమే లేదు పాపం. "నీ చీర బాగుంది పిన్నీ" అందామనుకుంది. ఏం చేస్తుంది? ఆ నీళ్ళు తాగేసి ఇంటికి పోయేది. అలా రోజుకి ఎన్ని చెంబులు తాగేదో!

ఆగి వినే మనిషి ఊళ్ళో ఒక్కతే ఉండేది. పేరు బంగారమ్మ. ఊరి చివర పాకలో నూలుకి రంగులు అద్దేది. రెండేళ్ళ కిందటే ఆ ఊరొచ్చింది, ముందూ వెనకా ఎవరూ లేరు. మోదుగపూలు ఉడకేసి పసుపు రంగు తీసేది, ఏవో వేళ్ళు నూరి ఎరుపు రంగు తీసేది. ఎప్పుడు చూసినా మోచేతుల దాకా రంగే. పైడమ్మ వెళ్ళి మాట మొదలుపెడితే ఆవిడ నూలు పిండుకుంటూ వినేది. మాట పూర్తయ్యేదాకా వినేది. అప్పుడే జవాబు చెప్పేది. అందుకే పైడమ్మకి ఆ పాకంటే ప్రాణం.

ఒకరోజు పైడమ్మ ఆవిడతో అంది, "అ... అత్తా, నోరు మంచిదైతే ఊరు మంచిదంటుంది మా అమ్మ. నా... నా నోరు తిరగదు కదా. అందరికీ మంచి మాట చె... చెప్పాలని ఉంటాది. ఎలాగ?"

బంగారమ్మ నూలు తీగ మీద ఆరేసి వచ్చింది. "నోట్లోంచి రాకపోతే చేతిలోంచి రానీవే," అంది. రెండు కొబ్బరిచిప్పల్లో మిగిలిన రంగులు పోసి, తుమ్మజిగురు కలిపి ఇచ్చింది. జిగురు కలిస్తే రంగు రాతికి పట్టుకుంటుంది.

అప్పుడు పైడమ్మ గెడ్డలోంచి మూడు రాళ్ళు ఏరుకొచ్చింది. రొట్టెంత రాళ్ళు. కడిగి, ఎండబెట్టి, ఒళ్ళంతా పసుపు రంగు పూసింది. ఈతపుల్ల కొస నమిలి కుంచె చేసుకుంది. ఆ కుంచెతో ఎర్రటి అక్షరాలు రాసింది.

మొదటి రాయి దాలయ్యకి. ఆయన బండి తోలేవాడు. పొద్దుగూకే వేళకి పాడుకుంటూ ఊళ్ళోకి వచ్చేవాడు. గొంతు మనలో మాట, అంతంతమాత్రం. ఎద్దులు చెవులు విదిలించేవి. కానీ ఆ బండి వెనకాలే జీడితోటలో కూలికెళ్ళినవాళ్ళు వచ్చేవారు. పైడమ్మ వాళ్ళమ్మ కూడా వచ్చేది. పాట వినబడితే ఇంట్లో ఒక్కతే ఉన్న పైడమ్మకి ధైర్యం. ఆ మాటే రాసి, తెల్లారేసరికి దాలయ్య గడపలో పెట్టేసింది.

ఆ తర్వాత రెండో రాయి. అది చినతల్లికి. చినతల్లి వేసే ముగ్గు చూడ్డానికి పైడమ్మ చుట్టు తిరిగి మరీ బడికెళ్ళేది. ఆ సంగతి రాసింది. అదే తెల్లవారుజామున ఆవిడ గడపలోనూ పెట్టింది.

ఆ తర్వాత మూడో రాయి. అది ఊరి పెద్ద నాయుడికి. దానిమీద ఏం రాసిందో ఇప్పుడు చెప్పను. ఊఁ కొట్టు.

ఇంతకీ ఏమైందో తెలుసా? తెల్లారి తలుపు తీస్తే గడపలో పసుపు పూసిన రాయి, దానిమీద ఎర్రటి గీతలు. మనవాళ్ళు ఏమనుకుంటారు చెప్పు? కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆ ఊరివాళ్ళు కీడెంచేసి అక్కడే ఆగిపోయారు.

"ఒలమ్మో! ఎవలో మనకి సేతబడి సేసినారు!" అని దాలయ్య పెళ్ళాం కేక పెట్టింది.

చినతల్లి అత్తగారు దేముడమ్మ ఉంది చూశావూ, ఆవిడకి తెలియని సంగతి ఉండదు. ఆవిడ పరుగెత్తుకొచ్చి రాయి మీద గంప బోర్లించేసింది. "ఎర్ర అచ్చరాలు! ఎవలూ సదవకండి! సదివినోళ్ళకే తగులుకుంటాది!" అంది.

ఊళ్ళో చదువొచ్చినవాళ్ళు అయిదారుగురు ఉన్నారమ్మా. నాయుడికీ వచ్చు. అందరూ మొహాలు తిప్పేసుకున్నారు. పిల్లలు అటు తొంగిచూస్తే కాళ్ళు విరగ్గొడతామన్నారు. మంచి మాట గుమ్మంలోకి వచ్చి కూచుంటే, చదివే నాథుడు లేడు.

కాకి వాలింది, తాటిపండు పడింది. ఆ రోజే దాలయ్య బండి చక్రం సీల ఊడి, బండి గెడ్డలో కూలబడింది. రెండోరోజు చినతల్లి ఆవకాయకి బూజు పట్టింది. మూడోరోజు నాయుడికి పన్ను సలపడం మొదలై దవడ బూరెలా పొంగింది. ఇంకేం కావాలి?

అప్పుడు దాలయ్య పాడడం మానేశాడు. చేతబడి తన గొంతుకే తగిలిందని భయం. చినతల్లి ముగ్గెయ్యడం మానేసింది. నాయుడు మొహానికి గుడ్డ కట్టుకుని లోపలే కూచున్నాడు. పైడమ్మకేమీ అర్థం కాలేదు. నా మాట వాళ్ళకి నచ్చలేదు కాబోలు అనుకుంది. ఆ సాయంత్రం పాట వినబడలేదు. గుమ్మంలో మోకాళ్ళ మీద తల పెట్టుకుని, అమ్మ వచ్చేదాకా ఏడ్చింది.

నాలుగోరోజు పొద్దున్నే నాయుడి అరుగు ముందు ఊరంతా చేరింది. మూడు రాళ్ళనీ కర్రలతో దొర్లించుకుంటూ తెచ్చి, వాటిమీద పెద్ద గంప బోర్లించారు. చేత్తో ముట్టుకోవడానికి మాత్రం అంతమంది మగాళ్ళలో ఒక్కడికీ గుండె లేదు.

"పసుపూ ఎరుపూ ఎవలి సేతులకుంటాదో నేను సెప్పాలేటి?" అంది దేముడమ్మ.

అందరూ బంగారమ్మ చేతులకేసి చూశారు. మోచేతుల దాకా పసుపూ ఎరుపూ.

"రంగులు నీవేనా?" అన్నాడు నాయుడు, దవడ పట్టుకుని.

"నావే," అంది బంగారమ్మ.

ఒక్కసారి పైడమ్మకేసి చూసింది. మరి మాటాడలేదు. పిల్ల పేరు బయటపెడితే ఊరంతా ఆ పిల్ల మీద పడతారని ఆవిడకి తెలుసు. తనకి ఇంకో ఊరు దొరక్కపోదు, ఆ పిల్లకి ఉన్నది ఈ ఒక్క ఊరే. అందుకే నోరు కట్టుకుంది. చూడు, ఎంత మనిషో!

"అయితే పొద్దెక్కేలోగా ఊరు దాటాలి," అన్నాడు నాయుడు. "దాలయ్యా, బండి కట్టు."

దాలయ్య బండి కట్టాడు. బంగారమ్మ కుండలూ, నూలు కట్టలూ, చాపా తెచ్చి బండిలో పడేశారు. బతుకంతా కలిపి సగం బండి కూడా నిండలేదు.

అప్పుడు పైడమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. బంగారమ్మ చెయ్యలేదు, నేను చేశాను. ఇంతే దాని మాట. నాలుగు ముక్కలు. నోరు తెరిచింది.

"బం... బం... బంగారమ్మ చె... చె..."

"ఇన్నారా? బంగారమ్మే సేసిందంట! పసిపిల్ల నోట అబద్దం రాదు!" అని దేముడమ్మ మాట అందేసుకుంది.

"అవునవును!" అంది ఊరంతా.

పైడమ్మ నోరు మూతబడిపోయింది. తన నోటి మాటే తీసి తన బంగారమ్మ అత్తని కొట్టారు. దాలయ్య ఎద్దుల్ని అదిలించాడు. బండి చక్రం కిర్రుమంది.

అప్పుడేం చేసిందనుకున్నావు? పరుగెత్తి వెళ్ళి గంప తన్నేసింది. మొదటి రాయిని రెండు చేతులా ఎత్తి పొట్టకి ఆనించుకుంది. జనం అమ్మో అని వెనక్కి జరిగారు. దాలయ్య గబుక్కున బండి ఆపేశాడు.

"దా... దా... దాలయ్య మావా..." అని గట్టిగా చదవడం మొదలుపెట్టింది.

"సచ్చాన్రా దేవుడా!" అని దాలయ్య కళ్ళు మూసుకున్నాడు.

ఇక్కడే ఉంది తమాషా. రోజూ ఆ పిల్ల మాట మధ్యలోనే అందుకునేవాళ్ళు ఎవరూ ఇవాళ నోరు మెదపలేదు. మంత్రం మధ్యలో నోరు పెడితే నోరు పడిపోతుందని భయం! దేముడమ్మయితే నోట్లో కొంగు కుక్కుకుంది. ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టి నిలబడింది. పైడమ్మకి పుట్టి బుద్ధెరిగాక, ఒక్క మాట పూర్తిగా చెప్పడానికి అంత ఖాళీ ఎప్పుడూ దొరకలేదు.

"పొ... పొద్దుగూకితే... నీ పాట వినబడితే... నా... నాకు భయం వెయ్యదు."

దాలయ్య ఒక కన్ను తెరిచాడు. ఆ తర్వాత రెండో కన్ను తెరిచాడు. "నా పాటా?" అన్నాడు. ఆయన పాటని మెచ్చుకున్నవాళ్ళు అప్పటిదాకా లేరమ్మా.

పైడమ్మ రెండో రాయి ఎత్తింది. "చి... చినతల్లి పిన్నీ, నీ ముగ్గు చూడ్డానికి... నేను చు... చుట్టు తిరిగి బడికెళ్తాను."

చినతల్లి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత మూడో రాయి ఎత్తింది. అరుగు దగ్గరికి వెళ్ళి నాయుడి ఎదురుగా నిలబడింది.

"నా... నా... నాయుడు తాతా. మామ్మ పోయాక నువ్వు న... నవ్వలేదు. మాకు బె... బెంగగా ఉంది."

మామ్మంటే నాయుడి పెళ్ళామేలే, కిందటేడు పోయింది. ఆ మాట ఊళ్ళో అందరి మనసులోనూ ఉంది, ఏడాదిగా ఉంది. ఆయన ముందు అనడానికి ఎవరికీ నోరు రాలేదు. మాట వచ్చినవాళ్ళు ఊళ్ళో వందమంది ఉన్నా, అన్నది మాట రాని పిల్ల.

నాయుడు అరుగు అంచుకి జరిగి కూచున్నాడు. ఆ తర్వాత, "ఇంకోసారి సదువమ్మా," అన్నాడు.

పైడమ్మ మళ్ళీ చదివింది. మళ్ళీ అంతసేపూ పట్టింది. ఈసారి మంత్రం భయం లేదు, అయినా ఎవరూ మధ్యలో అందుకోలేదు.

"రాళ్ళు నే... నేనే పెట్టాను," అని చివరికి చెప్పింది. "అత్త రంగులిచ్చింది. అం... అంతే."

అప్పుడు నాయుడు అరుగు దిగి బండి దగ్గరికెళ్ళాడు. "తప్పయిపోయిందమ్మా," అన్నాడు.

బంగారమ్మకి అప్పటిదాకా రాని కన్నీళ్ళు అప్పుడొచ్చాయి. కోపమూ వచ్చింది. "రెండేళ్ళుగా మీ ఊరి నూలంతా ఈ చేతులతోనే అద్దేను బాబూ. ఈ చేతులు చూసి తరిమేరు గానీ, ఇది నువ్వే చేసేవా, ఎందుకు చేసేవు అని ఒక్కరు అడిగేరా?" అంది.

నాయుడే వంగి, రంగు కాచే పెద్ద కుండ భుజానికెత్తుకుని ఆవిడ పాక దాకా మోశాడు. చొక్కాకి ఎర్రరంగు అంటుకుంది, దులుపుకోలేదు. దాలయ్య చాప మోశాడు. చినతల్లి నూలు మోసింది. దేముడమ్మకి మోయడానికేమీ మిగల్లేదు, ఖాళీ గంప పట్టుకుని వెనకాలే వెళ్ళింది.

"మరి నా ఆవకాయకి బూజెందుకు పట్టింది?" అంది చినతల్లి దారిలో.

"ఉప్పు తక్కువేసినావే," అంది దేముడమ్మ.

ఏంటీ? నాయుడు నవ్వాడా అనా? నవ్వాడమ్మా, దేముడమ్మ మాటకే నవ్వాడు. పన్ను నొప్పి కదా, సగం మూతితోనే నవ్వాడు.

ఆ తర్వాత ఊళ్ళో పిల్లలందరూ గెడ్డకెళ్ళి రాళ్ళు ఏరుకొచ్చారు. బంగారమ్మ పాకలో ఈతపుల్లలు నమిలి నమిలి మూతులన్నీ వగరెక్కిపోయాయి. ఎవరి గడపలో చూసినా రాళ్ళే. దేముడమ్మ గడపలో కూడా ఒకటి పెట్టారు. ఆవిడకి చదువు రాదు కదా, దారినపోయే ప్రతివాళ్ళనీ పిలిచి చదివించుకునేది. "దేముడమ్మ మామ్మా, నీ గొంతు ఊరికి కాపలా" అని ఉంది దానిమీద. మెచ్చుకోలో వెటకారమో ఆవిడకి ఇప్పటికీ తేలలేదు.

పైడమ్మకి నత్తి పోయిందా అంటావా? పోలేదమ్మలూ. అలాగే ఉంది. "నీ... నీ..." అంటే మాత్రం ఎవరూ చెంబు తెచ్చివ్వడం లేదు. ఊరంతా ఆగి వింటోంది.

కథేమో కంచి దారి పట్టింది,
కునుకేమో కంటి రెప్ప తట్టింది,
దీపం గూటికి, దుప్పటి మెడకి,
నువ్వూ నేనూ మన ఇంటికి.