పేరు చెక్కిన గుమ్మడికాయలు

దాలినాయుడికి ఒక్కటే బాధ. లిమ్ తాత దగ్గర తోటపని నేర్చుకోడానికి చేరి ఏళ్ళు గడిచినా, తనంటూ ఒకడున్నాడని వీధిలో ఎవరికీ పట్టదు.

ఇది మలేషియాలో, రబ్బరు తోటల పక్కన తెలుగువాళ్ళూ చైనావాళ్ళూ కలిసుండే ఓ చిన్న ఊరి సంగతి. లిమ్ తాత వాళ్ళ నాన్న చొక్కా అంచులో విత్తనాలు కుట్టుకుని చైనా నుంచి ఓడెక్కి వచ్చాడట. దిగిన కొత్తలో ఈ వీధివాళ్ళే పిలిచి అన్నం పెట్టారు. అందుకని ఆ ఇంట్లో ఓ ఆచారం. తోటలో ఏది కాసినా తొలికాపు వీధిదే. జనం లేవకముందే గుమ్మాల్లో పెట్టి వచ్చెయ్యాలి, ఎవరు పెట్టారో చెప్పకూడదు. వీధి తినందే ఆ ఇంట్లో ఎవరూ ముట్టరు.

చెప్పకపోతే మాత్రం తెలీదా ఏంటి. "లిమ్ తాత చేతి చలవ" అనేవాళ్ళు అందరూ. తెలుగువాళ్ళ మధ్య పెరిగిన మనిషి కదా, తాత ఆ మాటకి అచ్చ తెలుగులో నవ్వేవాడు.

నవ్వనివాడు నాయుడొక్కడే. నీళ్ళు మోసేది తను, పురుగులేరేది తను, చలవ మాత్రం తాతది.

ఆ ఏడు బూడిద గుమ్మడి విరగకాసింది. పిందెలు లేతగా ఉండగానే నాయుడు ముల్లు పుచ్చుకుని ఒక్కోదాని మీదా తన పేరు గీశాడు. పిందెతో పాటు అక్షరాలూ ఊరాయి చూడండి, కోతకొచ్చేసరికి అవి సినిమా పోస్టరు మీద హీరో పేరంత అయ్యాయి. తాత చూసి, తన పాదుల పని తను చూసుకున్నాడు.

తెల్లారకముందే కాయలు గుమ్మాలకి చేరాయి. పొద్దెక్కాక ఒక్కటొక్కటే తోటకి తిరిగొచ్చాయి.

ముందు పక్కింటి పోలమ్మ వచ్చింది, కాయని చంకనెత్తుకుని.

"బతికున్న మగాడి పేరు మీద కత్తెయ్యమంటావేటి నాయుడు బావా? రేపు నీకు జొరమొస్తే నీ పెళ్ళాం నన్ను బతకనిస్తదా?"

"కూరకే కదే. ఏమీ కాదు."

"అయితే నువ్వే కొయ్యి."

నాయుడు కత్తి తీసుకుని 'దా' మీద ఆనించాడు. మళ్ళీ తీసి పక్కన పెట్టేశాడు.

చైనా ఇళ్ళవాళ్ళకి ఆ అక్షరాలు అర్థంకాక, ఏదో మంత్రం కాబోలనుకున్నారు. ఒకావిడైతే కాయకి అగరొత్తి గుచ్చి మరీ పట్టుకొచ్చి, ఎన్నాళ్ళు పూజ చెయ్యాలని అడిగింది.

మధ్యాహ్నానికి తోట నిండా దాలినాయుళ్ళే. ఏ ఇంట్లోనూ ఒక్క ముక్క పొయ్యెక్కలేదు.

"తాతా, మీ నాన్నగారి ఆచారం నా చేతుల్లో చెడింది," అన్నాడు నాయుడు తలొంచుకుని.

తాత పీట వేసుకుని కూర్చున్నాడు. కాయ కాయకీ పేరున్న మేర తొక్క చెక్కాడు, ఒక్క అక్షరం తెగకుండా. తొక్కలన్నీ తెచ్చి నాయుడి ఒళ్ళో పెట్టాడు.

"ఇప్పుడు కోస్తావా పోలమ్మా?" అని పక్కింటికి కేకేశాడు.

"కొయ్యకేం? ఇప్పుడిది గుమ్మడికాయే కదా," అంటూ పోలమ్మ వచ్చి కాయ ఎత్తుకుంది. ఆవిడ వెనకే మిగతావాళ్ళూ తలా ఒకటీ పట్టుకుపోయారు.

నాయుడు ఒళ్ళో ఉన్న తన పేర్లని ఒకదాని మీద ఒకటి పేర్చాడు.

"వీటినేం చెయ్యమంటారు తాతా?"

"ఎరువు గుంతలో వెయ్యి," అన్నాడు తాత కత్తి తుడుచుకుంటూ. "వచ్చే కాపుకి బలం."