పోయొచ్చే మడుగు

సీమకు పడమటి అంచున, హగరి ఏటి నుంచి ఎగిరివచ్చిన ఇసుక దిబ్బలు దిబ్బలుగా పేరుకున్న చోట, పచ్చని ఆకు కోసం మేకలు కూడా కోసుల దూరం నడిచే చోట, ఒక మడుగు ఉంది. దిబ్బ ఎక్కి చూసేదాకా అది కంటబడదు. ఎండకు కళ్ళు చెదిరిన యాత్రికులు మొదట దానిని ఎండమావి అనుకుంటారు. పాదం ముంచి చూసుకున్నాక గానీ నమ్మరు. ఆ మడుగుకు పడమటి గట్టున చల్ల సూరప్ప స్వామి కొలువై ఉన్నాడు. గోపురం లేదు, ప్రాకారం లేదు. బుట్ట పడవలా గుండ్రంగా ఉన్న రాతి పుట్టిలో కాళ్ళు ముడుచుకుని కూర్చున్న మూర్తి, ఆ మూర్తి నుదుటి మీద ఎప్పుడూ ఒక తడిగుడ్డ, అంతే ఆలయం.

స్వామి దర్శనం పొద్దు వాలే వేళకే. తూర్పు గట్టున వెదురుతో అల్లిన పుట్టి ఎక్కి, నీటి మీదుగా వెళ్ళి చూడాలి. ఇసుక మీద నడిచి చుట్టు తిరిగి వెళ్ళడం ఆచారం కాదు. మడుగు నడిమికి రాగానే పడవవాడు తెడ్డు ఒక్క విసురు విసిరి పుట్టిని గిర్రున తిప్పుతాడు. పిల్లలు కేరింతలు కొడతారు, పెద్దలు చెప్పులు పట్టుకుంటారు. అవతలి గట్టు చేరినా ఎవరినీ వెంటనే దిగనివ్వడు. "పోయొస్తా" అన్నవాళ్ళే దిగాలి. ఆ మాట వల్లే దీనికి పోయొచ్చే మడుగు అనే పేరు. రోడ్డు మలుపులో ఎవరో "పొయ్యి మడుగు" అని బోర్డు రాయించారు. ఎండాకాలంలో వచ్చినవారికి ఆ పేరూ సరిగ్గానే ఉందనిపిస్తుంది గానీ, అది తప్పు.

ఈ మధ్య శని ఆదివారాల్లో సెలవు గడపడానికి వచ్చేవారు ఎక్కువయ్యారు. దిబ్బల మీద గుడారాలు వేసుకుంటారు, ఫోటోలు తీసుకుంటారు, దేవుడి మీద కంటే సూర్యాస్తమయం మీద భక్తితో పుట్టి ఎక్కుతారు. ఇందుకు స్వామికి అభ్యంతరమేమీ లేదు. ఆయన కూడా మొట్టమొదట ఇక్కడికి సెలవు మీదే వచ్చాడు.

పూర్వం ఇక్కడ ఈ మడుగును నమ్ముకుని ఒక చిన్న పల్లె ఉండేది. గొర్రెలు మేపేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు కలిసి బతికేవారు. ఆ పల్లెలో పుట్టి నడిపే బెస్త ఇల్లాలు ఓబుళక్క. చెయ్యీ నోరూ రెండూ గట్టివే. ఆమె భర్త ఎర్రెప్ప. పెళ్ళయి ఎంతో కాలం కాలేదు, పిల్లలు ఇంకా లేరు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. అయినా కయ్యం లేని పూట ఉండేది కాదు.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. మడుగు అంచులు పెళ్ళలు పెళ్ళలుగా బీటలు వారాయి. ఒక మధ్యాహ్నం చేపల పులుసులో ఉప్పు ఎక్కువైందని ఎర్రెప్ప కంచం పక్కకు నెట్టాడు. ఉప్పు ఎక్కువ కాలేదు, నీళ్ళే తక్కువయ్యాయి అని ఓబుళక్క అంది. మాట మీద మాట పెరిగింది. ఎర్రెప్ప తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరగకుండా "పోతా" అన్నాడు. ఓబుళక్క గరిటె చేత పట్టుకునే "పో" అంది.

మన వైపు ఇల్లు కదిలేవాడు "పోతా" అనడు. పక్కింటికి నిప్పు కోసం వెళ్ళినా "పోయొస్తా" అంటాడు. ఇంట్లో వాళ్ళు "పోయిరా" అంటారు. "పోతా" అనేది తిరిగి రానివాళ్ళ మాట. అది ఇద్దరికీ తెలుసు, తెలిసే అన్నారు. ఎర్రెప్ప తువాల కొయ్యకే ఉండిపోయింది. దాన్ని తీసుకోవడానికైనా వస్తాడని ఆమె మాపటిదాకా చూసింది. ఆ తరువాత చాలా మాపులు చూసింది.

అప్పటినుంచి ఆమె ఒక పట్టు పట్టింది. తన పుట్టి ఎక్కినవాళ్ళెవరైనా సరే, "పోయొస్తా" అంటేనే గట్టు మీద కాలు పెట్టనిచ్చేది. మరచి "వస్తానక్కా" అన్నవాళ్ళచేత కూడా మళ్ళీ చెప్పించేది. దానికి బదులుగా తాను "పోయిరా" అనేది, ఆ రోజు అనలేకపోయిన మాటను అందరికీ పంచిపెడుతున్నట్టు. జనం ఆమెకు కాస్త మతి చెదిరిందనుకున్నారు. అనుకున్నా ఆ మాట చెప్పే దిగేవారు.

నీళ్ళు ఇంకా తగ్గాయి. ఊరి పెద్ద బసప్ప అందరినీ పిలిచి, ఇక ఇక్కడ బతకలేం, తెల్లారగానే బండ్లు కట్టుకుని తుంగభద్ర వైపు పోదాం అన్నాడు. అందరూ తలలూపారు. ఓబుళక్క మాత్రం ఊపలేదు.

"నేను రాను మామా. ఆయప్ప వస్తే ఈ ఇసకలో యాడని వెతుకుతాడు? మడుగును చూసే గదా దారి పట్టల్ల?"

"మడుగే ల్యాకుండా పోతాంది గదమ్మా," అన్నాడు బసప్ప. "నీళ్ళు ఇంకినాక నువ్వు మాత్రం ఏం తాగి బతుకుతావు?"

మడుగు నిలిస్తేనే ఆమె నిలవగలదు, ఆమె నిలిస్తేనే ఎర్రెప్పకు తిరిగి రావడానికి ఒక చోటు ఉంటుంది. బండ్ల మీదికి కుండలు, కుక్కి మంచాలు ఎక్కుతుంటే చూడలేక మడుగు దగ్గరికి వచ్చి పుట్టిలో కూర్చుంది.

సూర్యభగవానునికి ఏడాది పొడుగునా సెలవు లేదన్నది అందరూ ఎరిగినదే. పండుగ లేదు, జబ్బు లేదు, పొద్దున లేచింది మొదలు నడకే. ఆ సాయంత్రం ఆకాశం నుంచి కిందికి చూసిన స్వామికి, ఇంతటి ఇసుకలో ఆ కాస్త నీరు, దాని మీద ఊగుతున్న ఆ గుండ్రని బుట్ట కనిపించాయి. ఆయనకు ప్రాణం లాగింది. రథాన్ని పడమటి దిబ్బ వెనుక నిలిపి ఉంచమని సారథి అనూరుడికి చెప్పి, బాటసారి వేషంలో తూర్పు గట్టున దిగాడు. గుర్రాలు నిలిచిపోవడంతో ఆకాశంలో పసుపూ కుంకుమా కలిసిన వెలుగు అలాగే ఆగిపోయింది. గాలి కూడా ఊపిరి బిగబట్టింది. పల్లెలో కోళ్ళు గూట్లోకి వెళ్ళాలో వద్దో తెలియక గుమ్మాల దగ్గర తచ్చాడాయి.

"యాడికి పోవల్లప్పా?" అని అడిగింది ఓబుళక్క.

"ఆవలి గట్టుకు."

"ఎక్కు. నడుమ కూచ్చో. అంచున కూచుంటే ఇద్దరమూ మునుగుతాం."

ఆయన కూర్చున్నాడో లేదో పుట్టి అడుగున తోలు అతుకులకు పూసిన గుగ్గిలం మెత్తబడి జారసాగింది. ఓబుళక్క ఉలిక్కిపడి ఆయన చెయ్యి పట్టి చూసి, చటుక్కున వదిలేసింది.

"అయ్యయ్యో, ఒళ్ళు పెనం మాదిరి కాలుతుండాది! ఇంత జరం పెట్టుకొని యాడికి బయలుదేరినావు? నిన్ను ఆపేదానికి ఇంట్లో ఎవురూ ల్యారా?"

లోకంలో ఆయనకు దండం పెట్టినవాళ్ళున్నారు, అర్ఘ్యం ఇచ్చినవాళ్ళున్నారు, ఎండ ఎక్కువైందని తిట్టినవాళ్ళకైతే లెక్కే లేదు. నీకు ఒంట్లో బాగుందా అని అడిగినవాళ్ళు లేరు. ఓబుళక్క జవాబు కోసం ఆగలేదు. భుజాన ఉన్న తువాలను నీటిలో ముంచి, పిండి, ఆయన నుదుటి మీద వేసింది. అది ఎర్రని అంచున్న ఎర్రెప్ప తెల్ల తువాల. అతడు పోయిన మర్నాడు కొయ్య నుంచి తీసింది మొదలు ఆమె భుజం దిగనిది. తువాల నుంచి సన్నగా ఆవిరి లేచింది. భగవంతుడు కళ్ళు మూసుకున్నాడు. చల్లదనమంటే ఏమిటో ఆయనకు అప్పుడే తెలిసింది.

పుట్టి మెల్లగా కదిలింది. తెడ్డు చప్పుడు తప్ప మరే చప్పుడూ లేదు. నీళ్ళంతా వెలుగే, వెలుగంతా నీళ్ళే. గట్టు ఎటుందో, ఆకాశం ఎటుందో తెలియకుండా ఉంది.

"ఇల్లాలు ఉంది," అన్నాడాయన కొంతసేపటికి. "నా వేడికి తాళలేక ఒకసారి పుట్టింటికి పోయింది."

ఓబుళక్క తెడ్డు ఆపింది. "మళ్ళా వచ్చిందా?"

"వచ్చింది."

"పోయేటప్పుడు ఏమని చెప్పి పోయింది?"

"చెప్పకుండానే పోయింది."

"చెప్పకుండా పోయినోళ్ళు వస్తారులే. చెప్పి పోయినోళ్ళతోనే..." అని ఆమె మాట మింగేసింది. కళ్ళలో నీళ్ళు ఆయనకు కనబడకూడదని తెడ్డును గట్టిగా ఒక విసురు విసిరింది. పుట్టి గిర్రున తిరిగింది.

ఆ తిరుగుడులో స్వామి ముఖం తూర్పుకు తిరిగింది. తాను బయలుదేరిన దిక్కును సాయంత్రం వేళ ఆయన ఎన్నడూ వెనక్కి తిరిగి చూసి ఎరుగడు. ఇప్పుడు చూశాడు. బీటలు వారిన మడుగు అంచు, దాని వెనుక సామాను ఎక్కించిన బండ్లు, వాటి నీడన పడుకున్న డొక్కలెండిన ఎద్దులు. తాను నడిచి వచ్చిన దారి అలా ఉందని ఆయనకు తెలియదు.

పడమటి గట్టు తగలగానే లేచి, "పోతా తల్లీ," అన్నాడు.

ఓబుళక్క తెడ్డు అడ్డం పెట్టింది. "పోతా అనగూడదు. పోయొస్తా అను. అంటేనే దిగేది."

"అనలేను. నేను మళ్ళీ వస్తే నీ మడుగు మిగలదు. ఈ నీళ్ళన్నీ తాగింది నేనే."

"జరంలో ఏమేమో మాట్లాడుతుండావు. తాగితే తాగినావులే. దూపయిన మనిషి తాగడా? రోజూ వచ్చే సుట్టము కడవలో నీళ్ళు తాగుతాడు గానీ, కడవ బోర్లించి పోడు. మళ్ళా రాననుకున్నోడే అడుగంటా తాగేది." అంతవరకూ గదమాయిస్తున్న ఆమె గొంతు ఒక్కసారిగా సన్నబడింది. "పోతా అన్నోడు ఒగడు సాలప్పా నాకు. నువ్వన్నా ఆ మాట అనొద్దు. నీకు దండం పెడతా."

వరం అడిగితే ఇవ్వడం ఆయనకు అలవాటే. ఈమె మాట అడుగుతున్నది. మాట ఇస్తే నిలబెట్టుకోవాలి.

చివరికి, "పోయొస్తా," అన్నాడు.

"పోయిరా," అంది ఓబుళక్క.

ఆయన దిబ్బ ఎక్కి అవతలికి దిగాడు. ఆగిన వెలుగు ఒక్కసారిగా మసకబారింది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. "తువాలప్పా, తువాల!" అని కేకేసింది. పలికేవాళ్ళు లేరు. మొగుడి గుర్తుగా మిగిలిన ఒక్క గుడ్డా పోయింది. ఇంటికి వచ్చి మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చి, ఏడ్చి, అలాగే కునుకు తీసింది. కలలో ఆ బాటసారి కనబడి, "నీ తువాల నా దగ్గర భద్రంగా ఉంది. దాని సొంతదారు ఎక్కడున్నా చూసేట్టు తలకు చుట్టుకుని తిరుగుతాను," అన్నాడు. మెలకువ వచ్చాక, జరం మనిషి కలలో కూడా పిచ్చి మాటలే మాట్లాడుతున్నాడనుకుంది.

తెల్లవారింది. బండ్లు కదిలాయి. ఓబుళక్క ఒక్కతే గట్టున నిలబడి తూర్పుకు చూసింది. సూర్యుడు లేస్తున్నాడు. ఆయన నుదుటి మీద అడ్డంగా ఒక మబ్బు ఉంది. తెల్లని మబ్బు, ఎర్రని అంచు. ఆ అంచు ఆమె ఎరిగినదే. ఎర్రెప్ప తలకు చుట్టుకుంటే దూరం నుంచే పోల్చుకునేది దానితోనే. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "వచ్చినావా అప్పా," అంది.

మబ్బు పెరిగింది. పొద్దు నెత్తికెక్కే వేళకు ఆకాశమంతా తడిగుడ్డయింది. వాన కురిసింది. తడిసిన ఇసుకలో బండ్ల చక్రాలు దిగబడిపోయాయి. బసప్ప కాసేపు వానను తిట్టి, అంతలో నవ్వి, ఎద్దులను వెనక్కి మళ్ళించాడు. ఆ వానకు పడమటి దిబ్బ కరిగి, లోపలినుంచి రాతి పుట్టిలో కూర్చున్న ఈ మూర్తి బయటపడింది. ఓబుళక్క తన కొంగు చింపి, మడుగులో ముంచి, స్వామి నుదుటి మీద వేసింది. మొదటి సేవ అదే.

ఆనాటినుంచి స్వామి రోజూ వస్తున్నాడు, రోజూ తాగుతున్నాడు, అడుగంటా ఏనాడూ తాగలేదని ఇక్కడివారి నమ్మకం. ఇల్లు విడిచి పోయినవారి కోసం ఎదురుచూసేవారు, వాళ్ళు విడిచిన గుడ్డ ఒకటి తెచ్చి, మడుగులో తడిపి స్వామికి సమర్పిస్తారు. జ్వరపడిన బిడ్డల తల్లులు ఆ తడిగుడ్డను కళ్ళకద్దుకుని తీసుకుపోతారు. మొక్కు తీరినవారు మళ్ళీ వచ్చి పుట్టి ఎక్కుతూ "వచ్చినా" అంటారు. పడవవాడు "రా, కూచ్చో" అంటాడు. అంతకు మించి మంత్రం లేదు.

ఈ కథ విన్నవాళ్ళందరూ చివరికి ఒకటే అడుగుతారు: ఎర్రెప్ప తిరిగి వచ్చాడా? పురాణం చెప్పే పెద్దలు ఆ సంగతి చెప్పరు, అక్కడితో ఆపేస్తారు. ఇప్పుడు పుట్టి నడుపుతున్నవారు ఓబుళక్క వంశంవారే. వారిలో పెద్దవాడైన గంగన్నను అడిగితే తెడ్డు ఆపి, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు చూస్తాడు.

"ఆయప్ప రాకుంటే మేమెట్ల పుడితిమి స్వామీ?"

అప్పటికి పుట్టి గట్టుకు తగులుతుంది. పొద్దు దిబ్బ మీద ఆగి ఉంటుంది. ఎవరూ చెప్పకముందే అందరూ దాని వైపు తిరిగి "పోయొస్తా" అంటారు. గంగన్న ఒక్కొక్కరి చేయి పట్టి దింపుతూ, ఒక్కరినీ మరువకుండా, "పోయిరా" అంటాడు.