గవర్రాజుగారి సొంత సర్వర్

గుమ్మిళ్ళపాలెంలో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే పోగుపడిందని గవర్రాజుకి గట్టి నమ్మకం. తమ్ముడు పోలిరాజుకీ అదే నమ్మకం. వాళ్ళ మేనత్త చిలకమ్మకైతే నమ్మకం కాదు, దిగులు. "ఇంత తెలివి ఒక్క ఇంట్లో ఉంటే ఊరి దిష్టి తగలదట్రా?" అంటూ వారం వారం ఇద్దరికీ ఎర్రనీళ్ళు తిప్పి పోసేది.

ఆ తెలివితోనే అన్నదమ్ములు పెళ్ళిసంబంధాల ఆఫీసు నడుపుతున్నారు. ఊళ్ళో సగం పెళ్ళిళ్ళు గవర్రాజు కుదిర్చినవే. తనకి మాత్రం నలభై దగ్గరపడుతున్నా పెళ్ళి కాలేదు. పైకి నవ్వేవాడుగానీ, ఎవరి పెళ్ళిలో అక్షింతలు వేసినా నాలుగు గింజలు తన నెత్తిన కూడా చల్లుకునేవాడు. ఇన్నాళ్ళకి హైమావతి అనే అమ్మాయి తండ్రి పరంధామయ్య, "మీ ఫోటో, జాతకం మా ఫోనుకి పంపండి, నచ్చితే మాట్లాడుకుందాం" అన్నాడు. సరిగ్గా అప్పుడే ఆఫీసు కంప్యూటరు మూలగడం మొదలెట్టింది.

బాగుచేసే దివాకరం వచ్చి చూసి పెదవి విరిచాడు.

"ఇది ఇవాళో రేపో పోతుందండీ. ప్రస్తుతానికి అన్నీ కాగితాల మీద తీసిచ్చాను. ఇకమీదట క్లౌడ్‌లో పెడతారో, సొంత సర్వర్ పెట్టుకుంటారో తేల్చుకోండి. క్లౌడ్ అయితే మీకు చాకిరీ ఉండదు. సొంత సర్వర్ అయితే మీ కళ్ళముందే ఉంటుందిగానీ, ఆగకుండా నడుస్తూనే ఉండాలి, వేడెక్కకుండా చూసుకోవాలి. ఏది పెట్టుకున్నా బ్యాకప్ మాత్రం మరిచిపోకండి. అచ్చం అలాంటిదే ఇంకోటి, వేరే ఊళ్ళో. ఇది పడిపోతే అది ఆదుకుంటుంది."

దివాకరం అటు వెళ్ళగానే పోలిరాజు గొంతు సవరించుకున్నాడు. "క్లౌడంటే మబ్బన్నయ్యా. ఐదో తరగతిలో చదివాను."

"మబ్బు కదిలి ఒడిశా పోతే మన పెళ్ళికొడుకుల గతేంటిరా?" అంది చిలకమ్మ.

"చాకిరీ లేదన్నాడుగా అత్తా! వాళ్ళే వెనక్కి తోలతారు."

అంతే. జాతకాలు బుట్టకెత్తి, నిచ్చెనతో సహా డాబా ఎక్కారు. అందరికంటే పైన గవర్రాజు తన జాతకమే పెట్టుకున్నాడు, మబ్బుకి ముందు తనదే అందాలని. సాయంత్రానికి నల్లటి మబ్బొకటి ఇంటి మీదికొచ్చింది. "పెట్టరా, పెట్టు!" అని కింద నుంచి అత్త కేక. పోలిరాజు నిచ్చెన చివర నిలబడి బుట్ట పైకెత్తాడు. ఇంకేముంది, కుండపోత! రోహిణి నక్షత్రం వాళ్ళంతా కారి మూల నక్షత్రంలో కలిసిపోయారు. గవర్రాజు ఫోటోలో మీసం ఒక్కటే మిగిలింది.

గవర్రాజుకి ఏడుపొక్కటే తక్కువ. "పరాయి మబ్బుని నమ్మడం మన తప్పురా. సొంత సర్వరే మేలు. సర్వరంటే మనకి తెలీదా ఏంటి?" అని తిన్నగా కాఫీహోటలుకెళ్ళి, ఎక్కువ జీతం ఇస్తానని ఆశపెట్టి, సర్వర్ అప్పలకొండని ఇంటికి తెచ్చేశాడు.

తడిసిన కాగితాలన్నీ మూటగట్టి అప్పలకొండ నెత్తిన పెట్టారు. "నడువు. ఆగకూడదు" అన్నాడు గవర్రాజు. అప్పలకొండ పెరటి చుట్టూ నడుస్తుంటే, వేడెక్కకుండా పోలిరాజు విసనకర్రతో వెంటపడ్డాడు. చిలకమ్మ ఎదురొచ్చినప్పుడల్లా చెంబుడు నీళ్ళు నెత్తిన గుమ్మరించింది. హోటలు అలవాటు కొద్దీ అప్పలకొండ, "రెండు మఖ, ఒక పుబ్బ, ఒక సాదా మూలా..." అని కేకలేస్తూ తిరిగి తిరిగి, మర్నాటి మధ్యాహ్నానికి బావి దగ్గర దభీమని పడ్డాడు.

అప్పుడే పరంధామయ్య ఫోను. "మీ ఫోటో ఇంకా రాలేదేమండీ?"

గవర్రాజు ఉన్నమాటే చెప్పాడు. "సర్వర్ పడిపోబట్టేనండీ."

"అయ్యో, మా బ్యాంకులోనూ రోజూ ఇదే గోల. ఎప్పటికి లేస్తుందట?"

"నిమ్మసోడా పట్టామండీ. ముఖాన నీళ్ళు కూడా కొట్టాం. ఒక కన్ను తెరిచాడు."

పరంధామయ్య ఫోను స్పీకరులో పెట్టినట్టున్నాడు. అవతల ఆడగొంతు ఒకటి పగలబడి నవ్వింది. "నాన్నా, ఫోటో వద్దు, జాతకమూ వద్దు. నాకీయనే కావాలి" అంది హైమావతి.

అలా గవర్రాజు పెళ్ళిపీటల మీద కూర్చున్నాడు. మంగళసూత్రం చేతిలోకి తీసుకుంటుంటే పరంధామయ్య చుట్టూ చూసి, "మీ తమ్ముడు కనబడడేం అల్లుడుగారూ?" అని అడిగాడు.

"వాడు బ్యాకప్పండీ. నాలాంటి పట్టుపంచే, నాలాంటి బాసికమే కట్టి పొరుగూరి కల్యాణమండపంలో కూర్చోబెట్టాం. ఖర్మకాలి నేను పడిపోతే..."

పందిరంతా గొల్లుమంది. హైమావతి నవ్వు ఆపుకోలేక తల వంచితే, ఆ సందులోనే మూడు ముళ్ళూ పడ్డాయి. గవర్రాజు కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ సంతోషంలోనే తమ్ముడికి ఫోను చేశాడు. "అయిపోయిందిరా, ఇంక లేచి వచ్చెయ్!"

"ఎలా రానన్నయ్యా? మండపం కట్టారు, మేళం వాయిస్తున్నారు. పిల్లేదీ అని పురోహితుడుగారు కేకలేస్తున్నారు. ఇక్కడ పెళ్ళికూతురే లేదు!"

గవర్రాజు ఫోను పెట్టేసి, జాలిగా పెళ్ళాం వైపు చూశాడు.

"ఏమనుకోకు హైమా. మీవాళ్ళకి కాస్త ముందుచూపు తక్కువ. నీకు బ్యాకప్ పెట్టుకోలేదు."